ఎడమ చెయ్యి కురచ

చెక్‌పోస్టు కర్ర పైకి లేచినా వ్యాను కదలకుండా నిలబడిపోయిన చోట, కిందటి వారం మనం వాళ్ళని వదిలి వచ్చాం. సరిహద్దు కాపలా మనిషి కిటికీలోంచి తల దూర్చి, స్టీరింగు ముందున్న కత్తెరమ్మ మొగుణ్ణి చూసి, పెళ్ళిలో కనబడ్డ దగ్గరి చుట్టాన్ని పలకరించినట్టు పలకరించాడు. "ఏం సార్, ఈసారి ఇంటిల్లిపాదీ బయల్దేరారే!"

ఈసారి. ఆ ఒక్క మాట కత్తెరమ్మ చెవిలో ముల్లులా దిగింది. ఆమె మొగుడు మహానుభావుడు సరిహద్దు మొహమే ఎరగడని ఇంట్లో అందరి నమ్మకం మరి.

"నన్ను చూసి ఎవరనుకున్నాడో" అంటూ ఆయన గేరు మార్చాడు. వెనక సీట్లో కత్తెరమ్మ పక్కనే కూర్చున్న ఆమె చెల్లెలు ఉన్నట్టుండి కిటికీ వైపు తిరిగి, చూడ్డానికేమీ లేని బీళ్ళని మహా శ్రద్ధగా చూడసాగింది. కత్తెరమ్మ రెండూ గమనించింది. గమనించి ఊరుకుంది. పెదాల మధ్య గుండుసూదులు పట్టుకుని పనిచేసే మనిషికి నోరు మూసుకోవడం కష్టమేమీ కాదు.

ముందు సీట్లో ఉన్న అత్తగారికి ఇవేమీ పట్టలేదు.

"ఒరేయ్, ఇంకెంత దూరంరా?"

"వచ్చేశామమ్మా. నువ్వు తొందరపడితే నీళ్ళు తొందరగా పడవు."

"నీళ్ళకేం, అవి ఎప్పుడూ పడుతూనే ఉంటాయి. సెలవు పెట్టేది నా కళ్ళురా."

ఈ ప్రయాణమంతా ఆవిడ పట్టుదల. కళ్ళ డాక్టరు పెదవి విరిచిన రోజు నుంచి ఒకటే పాట, చూపు పూర్తిగా మసకబారకముందే ఆ జలపాతం చూడాలని. కొడుకు చెప్పని సాకు లేదు. వానలన్నాడు. వానలు తగ్గాక నీళ్ళు లేవన్నాడు. వ్యాను టైర్లు అరిగాయన్నాడు. చెల్లెలికి బయల్దేరే ముందు తలనొప్పి కూడా పుట్టుకొచ్చింది. ఆవిడ ఇవేవీ వినిపించుకోలేదు. తెల్లారేసరికి తల దువ్వుకుని, పిడికిలంత కొప్పు ముడేసుకుని, వ్యానులో ముందు సీటెక్కి కూర్చుంది. ఇక దింపడం ఎవరి తరం?

కత్తెరమ్మకి మాత్రం ఈ షికారు మీద మనసు లేదు. ఒళ్ళో రొట్టెల బుట్ట పెట్టుకుని, మోకాళ్ళు తిమ్మిరెక్కి కూర్చుంది. వ్యాను వెనక భాగంలో పాత కర్టెను గుడ్డ చుట్టిన పొడుగాటి మూట ఒకటి ఉంటే పొద్దున బుట్ట దానిమీద పెట్టబోయింది. "దానిమీద వద్దు! టైరు సామాన్లు" అని మొగుడు కసిరాడు. టైరు సామాన్ల మీద ఇంత ప్రేమేమిటో అనుకుంది గానీ, అడగలేదు. ఆమె బుర్రలో సోమవారం తప్ప ఇంకేమీ లేదు. సోమవారం పొద్దున షాపు తాళాలు అద్దెకిచ్చిన ఇంటాయనకి అప్పజెప్పేయాలి.

ఆ షాపు పెట్టింది కత్తెరమ్మ నాన్న. ముందు గదిలో పొడుగాటి బల్ల. గోడ నిండా మేకులు, మేకులకి వేలాడే అట్టలు, గుడ్డ మీద పెట్టి కొలత గీసేవి. వెనక గదిలో మిషన్లు. కుట్టేది రెయిన్‌కోట్లు. వీధులు ఊడ్చేవాళ్ళకి, పాలు పోసేవాళ్ళకి, వానలో బడికెళ్ళే పిల్లలకి ఆ ఊళ్ళో కోటంటే ఆ షాపుదే. గుడ్డ కత్తిరించేది ఆమె ఒక్కతే కాబట్టి జనం ఆమె అసలు పేరు మరిచిపోయి కత్తెరమ్మా అనడం మొదలుపెట్టారు. చెల్లెలు మిషను మీద. మొగుడు వ్యానులో సరుకు తిప్పడం, ఆర్డర్లు పట్టుకురావడం.

ఆ షాపులో ఒక కట్టుబాటు ఉంది. నాన్న వాడిన పెద్ద కత్తెర కత్తెరమ్మ తప్ప ఇంకెవరూ ముట్టకూడదు. నాన్న పోయినరోజు ఆయన పక్కనున్నది అప్పట్లో ఆ షాపులోనే గుండీలు కుట్టే ఈ అత్తగారే. బయటికొచ్చి, కత్తెర తెచ్చి, "నీకే ఇమ్మన్నాడమ్మాయ్" అని పెద్దదాని చేతిలో పెట్టింది. అప్పటికింకా ఆవిడ అత్తగారు కాలేదు. ఆ తరవాతే, ఈ పిల్ల చేతిలో పని ఉందని, కొడుక్కి చేసుకుంది.

ఏడాదిగా ఆర్డర్లు ఒక్కొక్కటే ఎండిపోయాయి. "ఫ్యాక్టరీ కోట్లొచ్చాయి, మనవి ఎవడు కొంటాడు?" అని మొగుడు ఉట్టి చేతులతో తిరిగొచ్చేవాడు. కాజాలు కుట్టే ఆవిడ నడుం నొప్పని మానేసింది. ఇంకొకావిడ కూతురి పురుడని వెళ్ళి మళ్ళీ రాలేదు. పని లేక పోతున్నారు పాపం అని కత్తెరమ్మ ఒక్కొక్కరికీ కళ్ళనీళ్ళు పెట్టుకుని సాగనంపింది. చివరికి చెల్లెలే ఆ మాట అంది, "మూసేద్దాం అక్కా, ఎంతకాలం లాగుతావ్?" అని. పెంచి, పని నేర్పి, తన తరవాత తనంతటిది అనుకున్న చెల్లెలే ఆ మాట అన్నాక ఇక లాగేదేముంది?

అదీ సంగతి. ఇప్పుడు వ్యాను కొండ ఎక్కుతోంది.

నీళ్ళు కనబడక ముందే చప్పుడు వినబడింది. వెయ్యి మిషన్లు ఒకేసారి తొక్కుతున్నట్టు, ఆగకుండా. వ్యాను దిగి లోయ అంచున ఉన్న కటకటాల దగ్గరికెళ్తే, తెల్లటి గుడ్డ తాను విప్పి కొండమీంచి వదిలేసినట్టు, ఆ కొస నుంచి ఈ కొస దాకా నీళ్ళు. ఎంత పడ్డా తాను తరగడం లేదు.

"చూశావుగా అమ్మా, ఇంక రొట్టెలు తిని బయల్దేరదాం" అన్నాడు కొడుకు.

"చూశానా? తెల్లగా ఏదో ఆరేసినట్టుంది. ఆ కిందికి పోయేవాళ్ళెవరు?"

"అది... కింద నీటి దగ్గరికి పోయే మెట్లు. జారుతాయమ్మా. నీకెందుకు?"

"కళ్ళకి ఆనకపోతే ఒంటికైనా తగలాలి కదరా. ఇంత దూరమొచ్చి క్యాలెండరు బొమ్మ చూసినట్టు చూసి పోవడానికా? అమ్మాయ్, ఒక చెయ్యి నువ్వు పట్టుకో. చిన్నదానా, రెండోది నువ్వు."

"నాకు తలనొప్పి అత్తమ్మా" అంది చెల్లెలు.

"చల్లటి నీళ్ళు పడితే పోతుంది. పద."

మొగుడు మోకాలు పట్టుకుని పైనే ఉండిపోయాడు. పొద్దున టైర్ల మీద ఎక్కి దూకిన మోకాలది.

మెట్ల కింద రేకుల షెడ్డు ఉంది. టికెట్టు చూపిస్తే అక్కడి కోట్లామె తలా ఒక పసుపుపచ్చ రెయిన్‌కోటు ఇస్తుంది. చూసొచ్చాక విప్పి ఇచ్చేయాలి. షెడ్డు లోపల తడి కోట్లు తీగల మీద ఆరేసి ఉన్నాయి. ఆమె మాట మన మాటే, యాసలో మాత్రం సరిహద్దు కనబడుతోంది.

అత్తగారు కోటు తొడుక్కుంది. టోపీ తలమీదికి లాక్కుంది. సాధారణంగా ఏ టోపీ అయినా ఆవిడ కొప్పు దగ్గర ఎత్తుగా నిలబడిపోతుంది. ఇది హాయిగా మెడ దాకా జారింది.

"ఇదేంటే అమ్మాయ్! నా కొలతలు తీసి కుట్టినట్టుందే! ఇదిగో, చెయ్యి కూడా చూడు."

కోట్లామె నవ్వింది. "మీకొక్కరికే అవ్వా అలా సరిపోయింది! ఎడమ చెయ్యి కురచని జనం నన్ను తిట్టని రోజు లేదు. నేనేదో కుట్టినట్టు!"

కత్తెరమ్మ తన ఎడమచేతి వైపు చూసుకుంది. మణికట్టు బయటే ఉంది. రెండు వేళ్ళ మేర కురచ. కుడివైపు సరిగ్గా ఉంది.

మెల్లగా తలెత్తింది. మెట్లు దిగుతున్నవాళ్ళు, ఎక్కుతున్నవాళ్ళు, ఫొటోలు తీసుకుంటున్నవాళ్ళు, భుజాన పిల్లల్ని మోస్తున్నవాళ్ళు, అందరూ పసుపుపచ్చ కోట్లలో. అందరూ నడుస్తూ నడుస్తూ ఎడమ చెయ్యి కిందికి లాక్కుంటున్నారు. ఆ కొండ కింద ఉన్న జనమంతా ఒకే చెయ్యి సవరించుకుంటున్నారు.

ఆమె బొటనవేలు దానంతటదే టోపీ వెనక్కి పోయింది. అక్కడ లోపలివైపు మడత, గుడ్డలో చిన్న గూడు. అత్తగారి కొప్పు కోసం పెట్టిన గూడు. చిన్నప్పుడు గోడమీంచి పడి ఎడమ మోచెయ్యి వంకరగా అతుక్కున్న ఆ ముసలమ్మ కోసమే ఆ కురచ చెయ్యి. ఆ షాపులో మొట్టమొదటి రెయిన్‌కోటు అత్తగారి ఒంటిమీద కొలతలు తీసి కత్తెరమ్మే కత్తిరించింది. తరవాత లోకానికి సరిపోయేలా రెండు చేతులూ సరిచేసి, కొత్త అట్టలు కోసి మేకుకి తగిలించింది. పాతవి చెల్లెలికిచ్చి, పారెయ్యమంది.

అత్తగారిని చెయ్యి పట్టుకుని నీటి దాకా తీసుకెళ్ళింది. తుంపరలు మొహాన కొడుతుంటే ఆ ముసలమ్మ చిన్నపిల్లలా కేరింతలు కొట్టింది. "తగుల్తోందే! నాకు తగుల్తోంది!" అని అరిచింది. ఎక్కడెక్కడినుంచో జనం చూడ్డానికొచ్చే ఆ నీటికి వీపు పెట్టి నిలబడ్డ మనిషి ఆరోజు కత్తెరమ్మ ఒక్కతే. ఆమె కోట్లనే చూస్తోంది.

అత్తగారిని నీటి ఒడ్డున కటకటాల పక్క బల్లమీద కూర్చోబెట్టి, చెల్లెలి మోచెయ్యి పట్టుకుని షెడ్డు లోపలికి, ఆరేసిన కోట్ల వెనక్కి లాక్కెళ్ళింది. ఒక కోటు తిరగేసి కుట్టు చూసింది. చూడక్కర్లేదు కూడా. చివర ముడి అలా వేసేది ప్రపంచంలో ఒక్కతే.

"పొయ్యిలో పెట్టానన్నావు."

దేని గురించని చెల్లెలు అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది. అడగకపోవడమే జవాబయింది.

"అక్కా, చెబుతా విను, ఇంటికెళ్ళాక—"

"పొయ్యిలో పెట్టానన్నావు. ఆ మంట మీద పాలు కూడా కాచానన్నావు. పాలు కాచానన్నావే! అంత అబద్ధానికి పాలెందుకే మధ్యలో?"

చెల్లెలు తల దించుకుంది. కోట్లనుంచి నీళ్ళు కారి ఇద్దరి కాళ్ళ మధ్యా మడుగు కట్టాయి.

"ఇక్కడివాళ్ళకి కోట్లు కావాలని బావే తెచ్చాడు ఆ మాట. అక్కకి చెబితే ఒప్పుకోదు, సరిహద్దు దాటి పని వద్దంటుంది అన్నాడు."

"నన్నడిగారా?"

"అడగలేదు."

"ఎక్కడ కుడుతున్నారు?"

"కింద ఊళ్ళో. షెడ్డు తీసుకున్నాం. అక్కడ కత్తిరించిన ముక్కలు బావ తెచ్చి ఇస్తే కొన్ని మన వెనక గదిలోనే కుట్టా, నువ్వు లేనప్పుడు. ఇప్పుడు కాజాలావిడా వాళ్ళూ..."

"నడుం నొప్పామె?"

చెల్లెలు పక్కన ఆరేసిన కోటు అంచు పిండసాగింది.

"నడుం నొప్పి అంటే నా దగ్గరున్న తైలం సీసా ఇచ్చి పంపానే దానికి! పురుడని వెళ్ళిందే, ఆవిడ కూడానా? పసిగుడ్డుకని గౌను కుట్టి పంపాను. పసిగుడ్డయినా నిజమేనా?"

"పసిగుడ్డు నిజమే."

కత్తెరమ్మకి నవ్వొచ్చింది. ఏడవాల్సిన చోట నవ్వొస్తే ఒళ్ళు ఎలా వణుకుతుందో అలా వణికింది. షాపులో పని లేదని తను బెంగతో మంచం పట్టినరోజు, గంజి కాచి తాగించినవి చెల్లెలి ఈ చేతులే. పనంతా ఈ చేతుల్లోనే ఉందన్నమాట.

"ఎందుకే? ఏం తక్కువ చేశాను నీకు?"

చెల్లెలు అప్పుడు తలెత్తింది. కళ్ళలో నీళ్ళున్నాయి గానీ గొంతులో లేవు.

"కత్తెర ముట్టనిచ్చావా ఒక్కరోజైనా? జుట్టు నెరుస్తోంది నాకు, ఇంకా నేను చెల్లెల్నే. కొలతలు తియ్యడం నేర్పమంటే ముందు కుట్టు తిన్నగా రానీ అన్నావు. ఎప్పుడు తిన్నగా వస్తుందక్కా? వీళ్ళందరూ చెయ్యి కురచ, చెయ్యి కురచ అంటుంటే నా కుట్టు తప్పేమోనని విప్పి విప్పి కుట్టాను. అట్టే అత్తమ్మ కొలతదని నాకేం తెలుసు? తెలిసేట్టు ఎప్పుడు పెంచావు నన్ను?"

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. కానీ మోసపోయిన మనిషికి అప్పటికప్పుడు న్యాయం తూచే ఓపిక ఉండదు. "దొంగకి కోపం కూడానా!" అంది కత్తెరమ్మ.

ఇంతలో మెట్లమీంచి మోకాలు మరిచిపోయి గబగబా దిగొచ్చాడు మొగుడు. "ఏంటింతసేపు? అమ్మకి జలుబు చేస్తుంది—" అంటూండగానే కోట్లామె మొహం విప్పారింది.

"సార్! మీరెప్పుడొచ్చారు? కొత్త కోట్లు వచ్చే వారమేగా? ఈసారి చెయ్యి సరిచేస్తున్నామని చెప్పారుగా, నాకు తిట్లు తప్పుతాయి!"

సార్! ఇంటిదగ్గర ఆ మనిషిని వీధి చివర పాలవాడు కూడా కత్తెరమ్మ మొగుడనే పిలుస్తాడు. ఇక్కడ సారు. ఆ పిలుపు వినగానే ఆయన వెన్ను కొద్దిగా నిటారయింది. అంత భయంలోనూ నిటారయింది. అది చూసి కత్తెరమ్మకి అంతా అర్థమయిపోయింది. ఇంత చిన్న మాట కోసమా!

"అదికాదు, నేను చెప్పేది విను" అన్నాడు. "నీకు మంచిదే జరుగుతుందని—"

"చెయ్యి సరిచేసిందెవరు?"

"ఏంటి?"

"కొత్త కోట్లకి చెయ్యి సరిచేసింది ఎవరండీ? దీనికి కొలతలు రావు. మీకు గుడ్డలో అడ్డం నిలువూ తెలీదు. సరయిన అట్టలు నా షాపులో మేకుకున్నాయి. సోమవారం దాకా నా షాపే కదా అది?"

మొగుడు చెల్లెలి వైపు చూశాడు. చెల్లెలు నీటి వైపు చూసింది. కత్తెరమ్మకి తన ఒళ్ళో పొద్దుణ్ణుంచీ మోసిన రొట్టెల బుట్ట గుర్తొచ్చింది. పాత కర్టెను గుడ్డ గుర్తొచ్చింది.

"వ్యాను తాళాలివ్వండి."

"ఇక్కడ కాదు, జనం చూస్తున్నారు—"

"తాళాలు."

ఇచ్చాడు. కత్తెరమ్మ మెట్లెక్కడం మొదలుపెట్టింది. "అమ్మా, కోటు! కోటు ఇచ్చి వెళ్ళాలమ్మా!" అని వెనకనుంచి కోట్లామె అరిచింది.

"నాదే ఇది" అంది కత్తెరమ్మ, వెనక్కి తిరక్కుండా.

వ్యాను వెనక తలుపు తీసి మూట ముందుకు లాగింది. ముడి గట్టిగా ఉంది, పళ్ళతో విప్పింది. కర్టెను గుడ్డ తొలిగేసరికి వీపు అట్ట, ముందు అట్టలు, టోపీ అట్ట, రెండు సమానమైన చేతులు. అంచుల మీద తన సుద్దముక్క గీతలు కూడా చెరగలేదు. ఇంటిదగ్గరనుంచి సరిహద్దు దాకా, సరిహద్దు నుంచి ఇక్కడి దాకా, తన సొంత చేతిపనిని వీపు వెనకే పెట్టుకుని, అది టైరు సామాన్లనుకుంటూ వచ్చింది.

అట్టల మధ్య ఇంకేదో బరువు తగిలింది. చెయ్యి పెట్టి బయటికి తీసింది.

కత్తెర. నాన్న కత్తెర.

వ్యాను అంచున కూలబడింది. అట్టలంటే అట్టలు, మళ్ళీ కోసుకోవచ్చు. పనివాళ్ళంటే పోయారు. మొగుడంటే... సరే. కానీ ఇది? షాపు సొరుగులో, మెత్తటి గుడ్డలో చుట్టి, నిన్నటి దాకా తను తప్ప ఎవరూ ముట్టని కత్తెర. దాని పిడి తన బొటనవేలికి అరిగి ఉంది.

కంకర మీద అడుగుల చప్పుడు. చెల్లెలు రొప్పుతూ వచ్చి ఎదురుగా నిలబడింది. చెయ్యి చాపింది. ఎడమ చెయ్యి, కురచ చెయ్యి కిందినుంచి తడిసిన మణికట్టు తెల్లగా కనబడుతోంది. చిన్నప్పుడు రోడ్డు దాటేటప్పుడు ఇలాగే చాపేది, అక్క పట్టుకుంటుందని.

"అది ఇలా ఇవ్వక్కా."

"ముట్టుకోకు."

"ఇన్నాళ్ళూ విన్నాను ఆ మాట. ఇంక వినను. నాన్న అది నీకిమ్మన్నాడని నీకెవరు చెప్పారు?"

"ఎవరు చెప్పడమేంటే? అత్తయ్యే చెప్పింది. ఆయన పక్కనున్నది ఆవిడే కదా."

"అయితే అడుగు. అదిగో వస్తోంది, ఇప్పుడే అడుగు. నాన్న ఆరోజు ఎవరి పేరు చెప్పాడో."

కొడుకు భుజం పట్టుకుని అత్తగారు మెట్ల చివరకొచ్చింది. కోటునిండా నీళ్ళు కారుతున్నాయి. మొహంలో ఇంకా జలపాతం చూసిన సంబరం ఉంది. ఆ చివరి మాటలు ఆవిడ చెవిన పడ్డాయి. కళ్ళు మసకే గానీ, చెవులు సూదిలో దారం ఎక్కించేంత పదును. సంబరం ఎక్కడిదక్కడ ఆగిపోయింది.

"అత్తయ్యా" అంది కత్తెరమ్మ. "ఇది ఏమంటోందో విన్నారా? కాదని చెప్పండి."

ప్రతి మాటకీ ఎదురు మాట తడుముకోని ఆ ముసలమ్మ కోడలి వైపు చూడలేదు, చిన్నదాని వైపు చూడలేదు. తనకొక్కదానికే సరిగ్గా సరిపోయిన ఆ కోటు గుండీలు ఒక్కొక్కటే విప్పుకోసాగింది.